మూడో షార్ట్ ఫిల్మ్ డిస్కులోనే ఉండిపోయింది. ఇది ఇష్టమా, మోజా?

ప్రశ్న: "రెండు షార్ట్ ఫిల్మ్స్ తీశాను. మూడోదాని షూటింగ్ అయిపోయి ఎనిమిది నెలలైంది, ఎడిటింగ్‌కి కూర్చోబుద్ధి కావడం లేదు. నాలుగోదానికి మాత్రం కథ రెడీగా ఉంది. మొదటి రెండూ తెలిసినవాళ్లు తప్ప ఎవరూ చూడలేదు. నాకు నిజంగా ప్యాషన్ ఉందా, లేక మోజేనా? ఇవన్నీ ఆపేసి నేరుగా పెద్ద సినిమాకి ప్రయత్నించడం మంచిదా?"

మీరు అడిగిన వాటిలో నన్ను పట్టుకున్నది ఆ ఎనిమిది నెలలు. మిగతావాటి సంగతి తర్వాత చూద్దాం.

పద్నాలుగేళ్లలో పదిహేడు షార్ట్ ఫిల్మ్స్ తీశాను. వేరేవాళ్లవి అంతకు రెండింతలు ఎడిట్ చేసి ఉంటాను. "ఇంతకీ అసలు సినిమా ఎప్పుడు?" అని అడిగే చుట్టాలు నాకూ ఉన్నారు. పూర్తి చేయకుండా వదిలేసినవి రెండు నా దగ్గరా ఉన్నాయి, వాటి గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ మాట మారుస్తాను. కాబట్టి ఇది పైనుంచి చెప్పే సలహా కాదు.

షూటింగ్ రోజున ప్యాషన్ లేనివాడు ఉండడు. పదిమంది మన మాట కోసం చూస్తుంటారు. లైట్ పోతోందని కెమెరామన్ తొందరపెడుతుంటాడు, ఎవరో ఏదో మర్చిపోయి పరిగెడుతుంటారు, మనం "యాక్షన్" అనగానే అప్పటిదాకా కాగితం మీద ఉన్న మనిషి నడుస్తాడు. ఆ మత్తు నాకూ ఇష్టమే. అయితే అది సినిమా మీద ఇష్టమో షూటింగ్ మీద ఇష్టమో ఆ రోజు తేలదు. నాలుగు రోజుల తర్వాత ఒంటరిగా కూర్చుని రష్ (ఇంకా కోయని, తీసింది తీసినట్టున్న ఫుటేజ్) చూసుకుంటున్నప్పుడు తేలుతుంది. మనం తీశామనుకున్నది ఒకటి, కార్డులో ఉన్నది ఇంకొకటి. ఏడుపు సీన్‌లో హీరోయిన్ కంటే వెనకాల ఊగుతున్న కర్టెన్ బాగా కనిపిస్తుంటుంది. ప్రాణం పెట్టి రాసిన డైలాగ్ పాఠం అప్పజెప్పినట్టు వినిపిస్తుంది. మొదటిసారి రష్ చూసి ల్యాప్‌టాప్ మూసేసి పడుకోని దర్శకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

మీరు ఎడిటింగ్‌కి కూర్చోలేకపోవడం బద్ధకం కాదని నా అనుమానం. డిస్కు తెరిస్తే మీ తలలో ఉన్న సినిమా చచ్చిపోతుందని భయం. నాలుగో కథ అంత ముద్దుగా అనిపించడం కూడా అందుకే. తీయని సినిమాలో ఒక షాట్‌కీ తర్వాతి షాట్‌కీ పొంతన కుదరని కంటిన్యూటీ తప్పులుండవు.

నా మొదటి సినిమా సంగతి చెబుతాను. ఇల్లు అమ్మేసి వెళ్లిపోతున్న ఒక పెద్దాయన కథ. ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. అందులో కొడుకుతో మాట్లాడే సీన్ ఒక్కటే ఆరు నిమిషాలు. ఇల్లంటే ఏంటి, జ్ఞాపకాలంటే ఏంటి అని ఆయన చేత మూడు పేజీలు మాట్లాడించాను. ఆ డైలాగులు రాసిన రాత్రి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఫైనల్ కట్ అనుకుని, నాకంటే అనుభవమున్న ఒక ఎడిటర్‌కి చూపించాను. ఆయన మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. చివర్లో తాళం వేసే షాట్ దగ్గర ఆపి, "ఇది ఎందుకు ఇక్కడ కోశావు?" అన్నాడు. తాళం పడింది, క్లిక్‌మంది, ఇంకేముంది అన్నాను. "అసలు క్లిప్ మొత్తం పెట్టు" అన్నాడు.

పెట్టాం. తాళం పడ్డాక ఆ పెద్దాయన దాన్ని ఒకసారి లాగి చూశాడు. రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి వచ్చి అరచేయి తలుపు మీద ఆనించి, అలాగే ఉంచాడు. ఇది స్క్రిప్టులో లేదు, నేను చెప్పిందీ కాదు. ఆ సమయానికి నేను తర్వాతి లొకేషన్ తాళాలు దొరకలేదన్న ఫోన్‌లో ఉండి "కట్" చెప్పడం మర్చిపోయాను. కట్ పడలేదు కదా అని ఆయన నటిస్తూనే ఉన్నాడు. ఆ చేయి తలుపు మీద ఉన్నది నాలుగు సెకన్లు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 96 ఫ్రేములు. నా సినిమా ఆ 96 ఫ్రేముల్లో ఉంది, నేను దాన్ని కోసి పక్కన పడేశాను.

అది పెట్టాక కొడుకుతో సీన్ అక్కర్లేకుండా పోయింది. మూడు పేజీలు చెప్పాలని తంటాలు పడ్డది ఆ చేయి చెప్పేసింది. ఆ సీన్ తీసేస్తే దానికి దారితీసే ఫోన్ కాల్ సీన్ కూడా అనవసరం. అలా ఒక్కో ఇటుకా ఊడుతూ ఇరవై రెండు నిమిషాలు తొమ్మిదికి వచ్చింది. ఆ రాత్రి నాకు టైమ్ తెలియలేదు. షూటింగ్‌లో వచ్చిన కిక్ వేరు, ఇది వేరు. ఎవరూ చూడటం లేదు, ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు, అయినా లేవబుద్ధి కాలేదు. మీరు అడిగిన "ప్యాషన్" అనే మాటకి నాకు తెలిసిన అర్థం ఇదొక్కటే. అది మీలో ఉందో లేదో నేను చెప్పలేను, మీరూ ఇప్పుడే చెప్పలేరు. మీరింకా ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఇక షార్ట్ ఫిల్మ్ ఆపేసి పెద్ద సినిమాకి వెళ్లడం గురించి. ఈ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది: షార్ట్ ఫిల్మ్ మెట్టు, ఫీచర్ ఫిల్మ్ మేడ. నాకు ఆ లెక్క మొదట్నుంచీ నచ్చదు. సినిమా పుట్టిందే పొట్టిగా. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి వేసిన ఆటలో పది సినిమాలున్నాయి, ఒక్కొక్కటీ నిమిషం లోపే. సత్యజిత్ రాయ్ అపు కథలు మూడూ తీసి ప్రపంచమంతా పేరొచ్చాక, 1964లో 'టూ' అనే చిన్న సినిమా తీశారు. ఇంట్లో బొమ్మల మధ్య ఉన్న ఒక పిల్లవాడు, కిటికీ అవతల ఇంకో పేద పిల్లవాడు, ఇద్దరి మధ్య పోటీ. డైలాగ్ ఒక్కటి లేదు. దాన్ని రెండు గంటలు సాగదీస్తే పోతుంది. ఆయనకి అప్పటికి ఎక్కాల్సిన మెట్టేమీ లేదు, ఆ కథ అంతే పొడవుంది కాబట్టి అంతే తీశారు.

దీనికి పూర్తిగా వేరే దారి కూడా ఉంది, అది తప్పు కాదు. అమెరికన్ దర్శకుడు డేమియన్ షజెల్ 'విప్లాష్' ఫీచర్ స్క్రిప్టు ముందే రాసుకున్నాడు. డబ్బు పెట్టేవాళ్లు దొరక్క, అందులోని ఒక సీన్‌ని పద్దెనిమిది నిమిషాల షార్ట్ ఫిల్మ్‌గా తీసి 2013లో సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి పంపాడు. అక్కడ బహుమతి వచ్చింది, మరుసటి ఏడాదికల్లా పెద్ద సినిమా బయటికొచ్చింది. దాన్ని విజిటింగ్ కార్డ్ అనండి, శాంపిల్ అనండి. కానీ గమనించండి, స్క్రిప్టు ముందే పూర్తయి ఉంది. చాలామంది చేతిలో పెద్ద స్క్రిప్టు లేకుండానే "పెద్ద సినిమా కోసం" షార్ట్ ఫిల్మ్ తీస్తారు. అటు శాంపిలూ కాదు, ఇటు సినిమా కూడా కాదు. చివరి షాట్ తర్వాత "తరువాయి భాగం త్వరలో" అని పడుతుంది, ఆ త్వరలో ఎప్పటికీ రాదు. మీ దగ్గర ఫీచర్ స్క్రిప్టు పూర్తిగా రాసి ఉంటే ఆ ప్రయత్నం చేయండి, నేనెందుకు వద్దంటాను. లేకపోతే మూడోది పూర్తి చేయకుండా పెద్దదానికి వెళ్లినా పరిస్థితి ఇదే, కాకపోతే ఈసారి డిస్కులో ఉండిపోయేది ఇంకొకరి డబ్బు.

మొదటి రెండూ ఎవరూ చూడలేదన్నారు. నేను చూడలేదు కాబట్టి తీర్పు ఇవ్వను. కానీ నా దగ్గరికి వచ్చే వాటిలో తరచూ కనిపించేది చెబుతాను. ఎనిమిది నిమిషాల సినిమా. మొదటి ముప్పై సెకన్లు తిరిగే లోగో. తర్వాత డ్రోన్ షాట్ మీద పేర్లు. ఆ తర్వాత అలారం మోగుతుంది, దుప్పట్లోంచి చెయ్యి వచ్చి దాన్ని నొక్కుతుంది, హీరో అద్దంలో ముఖం కడుక్కుంటాడు. ఈ అలారం షాట్ నేను కూడా తీశాను, రెండుసార్లు, అందుకే ఇంత ధైర్యంగా తిడుతున్నాను. మనిషి పొద్దున్న నిద్రలేస్తాడని ప్రేక్షకుడికి తెలుసు. అతను ఆ రోజు చేయబోయే పని దగ్గర మొదలుపెట్టండి. ఆలస్యంగా లోపలికి వెళ్లి, తొందరగా బయటికి వచ్చేయాలి. మీ పాత రెండింటినీ ఒకసారి పెట్టి, కథ నిజంగా కదిలే మొదటి షాట్ ఎన్నో సెకను దగ్గర ఉందో చూసుకోండి. నిమిషం దాటితే, జనం చూడకపోవడానికి జనాన్ని అనడం అన్యాయం.

నిడివి మీద ఒక మాట. ఆస్కార్ వాళ్ల లెక్కలో పేర్లతో కలిపి 40 నిమిషాల లోపు ఉంటే షార్ట్ ఫిల్మ్. కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్ షార్ట్ ఫిల్మ్ పోటీకైతే 15 నిమిషాలు దాటకూడదు. ఇవి హద్దులు మాత్రమే, అంతవరకు నింపాలని కాదు. ఫెస్టివల్‌లో ఎంపిక చేసేవాళ్లు ఒక గంటన్నర ఆటలో ఎన్నో సినిమాలు సర్దాలి. ఇరవై అయిదు నిమిషాల సినిమా మూడు చిన్న సినిమాల చోటు తింటుంది, అంటే ఆ మూడింటికంటే గట్టిగా ఉండాలి. ఇంకో సంగతి, కొన్ని ఫెస్టివల్స్ ఇంటర్నెట్‌లో ముందే పెట్టేసిన సినిమా తీసుకోవు. పంపే ఉద్దేశం ఉంటే అప్‌లోడ్ చేసేముందే నిబంధనలు చదవండి. పాట విషయంలో నేను ఒకసారి దెబ్బతిన్నాను. నచ్చిన పాత పాట రేడియోలో వినిపిస్తున్నట్టు పెట్టాను. ఒక ఫెస్టివల్‌కి ఎంపికయ్యాక హక్కుల కాగితం అడిగారు. రేడియోలోంచి వస్తోంది కదా, సన్నివేశంలో భాగమే కదా అని వాదించాను. నవ్వి ఊరుకున్నారు. సినిమా వెనక్కి తీసుకున్నాను. వాళ్ల తప్పేమీ లేదు.

ఇప్పుడు అసలు పని. మూడోదాన్ని ఎలా తెరవాలి.

మొదటిరోజు ఎడిట్ చేయొద్దు. సౌండ్ మొత్తం ఆపేసి, రష్ అంతా ఒక్కసారి చూడండి. బాగోలేని టేకులు కూడా. చేతిలో కాగితం పెట్టుకుని, మీ కళ్లు తెరకు అతుక్కున్న చోట టైమ్ రాసుకోండి, అంతే. ఎందుకు నచ్చిందో రాయొద్దు, రాస్తే సమర్థించుకోవడం మొదలవుతుంది. "యాక్షన్"కి ముందు, "కట్" తర్వాత ఉన్న ముక్కలు తప్పకుండా చూడండి. నటులు నటిస్తున్నామని మర్చిపోయేది అక్కడే. నా తలుపు షాట్ అలా దొరికిందే. ఎనిమిది నెలల గ్యాప్ మీకు ఇక్కడ పనికొస్తుంది. ఏ షాట్ కోసం ఎంత కష్టపడ్డారో చాలావరకు మర్చిపోయి ఉంటారు. గోడెక్కి తీశాం కాబట్టి ఉంచాలి, వర్షంలో తడిసి తీశాం కాబట్టి ఉంచాలి అనే మొహమాటం తగ్గుతుంది.

రెండోరోజు మొదటి సీన్‌తో మొదలుపెట్టొద్దు. మొదటి సీన్ దగ్గరే కూర్చుని మూడు వారాలు గడిపి అలసిపోయినవాళ్లు చాలామంది. మీ కాగితంలో ఎక్కువసార్లు టైమ్ రాసుకున్న సీన్ ఏదో అది తీసుకుని కట్టండి. అది నిలబడితే దాని ముందు ఏం కావాలో, తర్వాత ఏం కావాలో అదే అడుగుతుంది. స్క్రిప్టు మూసి పక్కన పెట్టండి. అది షూటింగ్ కోసం రాసింది, దాని పని అయిపోయింది.

ఒక షాట్ లేదని తెలుస్తుంది, తప్పకుండా తెలుస్తుంది. వెంటనే ఆ లేని ముక్క కోసం మళ్లీ ప్యాచ్ వర్క్ షూట్ పెట్టాలనిపిస్తుంది. ఆగండి. లేని షాట్ చుట్టూ దారి వెతకడంలోనే ఈ పనిలో సగం ఆనందం ఉంది. ఫ్రెంచ్ దర్శకుడు క్రిస్ మార్కర్ 1962లో తీసిన 'లా జెటీ' ఇరవై ఎనిమిది నిమిషాలు ఉంటుంది. దాదాపు అంతా కదలని ఫోటోలే, వెనక ఒక గొంతు కథ చెబుతుంటుంది. మధ్యలో ఒక్కచోట, నిద్రపోతున్న స్త్రీ కళ్లు తెరిచి చూస్తుంది. కదిలేది ఆ ఒక్కటే. ఇంకే సినిమాలోనైనా ఎవరూ పట్టించుకోని ఆ రెప్పపాటు, అక్కడ ఒళ్లు జలదరించేలా చేస్తుంది. చేతిలో లేనిదాన్ని లేకుండానే వాడుకోవడం అంటే అది.

సౌండ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కొత్తగా తీసేవాళ్ల డబ్బంతా లెన్సుల మీదికి పోతుంది. బొమ్మ కొంచెం చీకటిగా ఉన్నా, చుక్కలు చుక్కలుగా గ్రెయిన్ ఉన్నా జనం సర్దుకుంటారు. మాట వినబడకపోతే లేచిపోతారు. లొకేషన్‌లో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డ్ చేసి ఉంటే మీరు అదృష్టవంతులు. డైలాగుకీ డైలాగుకీ మధ్య శబ్దం తెగినట్టు వినిపించే చోట దాన్ని కింద పరిస్తే అతుకు కనపడదు. చేయకపోయి ఉంటే, టేకుల్లో ఎవరూ మాట్లాడని ముక్కలు ఏరి కలుపుకోండి, ఒకటి రెండు సెకన్లు దొరికినా పనికొస్తాయి. రికార్డింగ్‌లో ఫ్రిజ్ హోరు ఉంటే, తగ్గించే సాఫ్ట్‌వేర్లున్నాయి, ఎక్కువ వాడితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. (వచ్చేసారి ఫ్రిజ్ ఆపి, బండి తాళాలు అందులో పెట్టండి. షూటింగ్ అయ్యాక తాళాలు లేకుండా ఇంటికి పోలేరు కాబట్టి దాన్ని తిరిగి ఆన్ చేయడం మర్చిపోరు. ఈ చిట్కా నేర్పినవాళ్లకి నేను రుణపడి ఉన్నాను, వాడని రోజు ఒకరింట్లో ఫ్రిజ్‌లోవన్నీ పాడుచేసి వచ్చాను.)

మరీ పాడైతే డబ్బింగ్ చెప్పించండి. ఒకటి గుర్తుంచుకోండి, డబ్బింగ్ అన్నాక నోటి మాట ఒక్కటే సరిపోదు. అడుగుల చప్పుడు, బట్టల గరగర, గ్లాసు బల్ల మీద పెట్టిన శబ్దం అన్నీ మళ్లీ చేయాలి. అవి లేకపోతే మనుషులు గాజుపెట్టెలో మాట్లాడుతున్నట్టుంటుంది. ఇంకో చిన్న పని చేసి చూడండి. ఒక సీన్ నుంచి ఇంకో సీన్‌కి వెళ్లేచోట, తర్వాతి సీన్ శబ్దాన్ని అర సెకను ముందే మొదలుపెట్టండి. బొమ్మ ఇంకా ఇక్కడే ఉంటుంది, చెవి అప్పటికే అక్కడికి వెళ్లిపోతుంది. మొదటిసారి నేను ఇది చేసినప్పుడు, అప్పటిదాకా ముక్కలుగా ఉన్నది అకస్మాత్తుగా సినిమాలా అనిపించి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

రఫ్ కట్, అంటే మొదటి ముతక ఎడిట్, అయ్యాక కథ తెలియని ఒక్కరికి చూపించండి. స్నేహితుల గుంపుకి కాదు, ఒక్కరికి. తెర వైపు చూడకుండా వాళ్లనే చూడండి. ఎప్పుడు కదిలారు, చెయ్యి ఫోన్ వైపు ఎప్పుడు వెళ్లింది, అది రాసుకోండి. ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటారు, వాళ్లనీ మిమ్మల్నీ ఇబ్బంది పెట్టడం ఎందుకు. "ఆ తమ్ముడు ఇంట్లోంచి ఎందుకు వెళ్లాడో అర్థమైందా?" లాంటి ప్రశ్న అడగండి.

మీరు రాయనిది ఒకటుంది, ఊహించి చెబుతున్నాను, తప్పైతే మన్నించండి. మీ నటులు ఫోన్ చేస్తే ఎత్తడం కష్టంగా ఉండి ఉంటుంది. "ఎప్పుడొస్తుంది?" అని అడుగుతారేమోనని. వాళ్లు డబ్బు తీసుకోకుండానో, నామమాత్రానికి తీసుకునో సెలవులు పెట్టి వచ్చి ఉంటారు. షార్ట్ ఫిల్మ్‌లో నటుడికి దక్కేది ఆ సినిమా ఒక్కటే. అది రాకపోతే వాళ్లకి ఏమీ రానట్టే. నేను వదిలేసిన రెండింటిలో ఒకదాంట్లో చేసినాయన తర్వాత నాలుగేళ్లు నాతో మామూలుగానే మాట్లాడాడు, కానీ నేను కథ చెప్పబోతే ఏదో పనుందని లేచేవాడు. మీ నాలుగో కథకి మనుషులు కావాలి. ఎంత బాగా రాసినా, మూడోది బయటికి రాలేదని తెలిసినవాళ్లు మొదటిసారి వచ్చినంత ఉత్సాహంగా రారు. ఈరోజే ఫోన్ చేసి ఆలస్యమైంది, మొదలుపెడుతున్నాను అని చెప్పేయండి. తేదీ మాత్రం చెప్పొద్దు.

డిస్కు తెరిచేముందు ఒక పని. ఎనిమిది నెలలుగా ఒకే డిస్కులో ఉందంటే నాకు భయంగా ఉంది. ఏదీ ముట్టుకోకుండా ముందు మొత్తం ఇంకో రెండు చోట్లకి కాపీ చేయండి, అందులో ఒకటి ఇంట్లో కాకుండా వేరేచోట ఉంచండి. కాపీ అయ్యాక ప్రతి ఫోల్డర్‌లో ఒకటి రెండు క్లిప్పులు ప్లే చేసి చూడండి, ఫైల్ కనిపించినంత మాత్రాన అది తెరుచుకుంటుందని లేదు. అప్పుడు క్లిప్ వివరాల్లో ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో) ఎంతుందో చూసి ఇక్కడ రాయండి. 24, 25 కలిపి తీసి ఉంటే టైమ్‌లైన్ సెట్ చేయడంలోనే తేడా వస్తుంది, సౌండ్ విడిగా రికార్డ్ చేసి ఉంటే సింక్, అంటే బొమ్మకీ శబ్దానికీ పొంతన, కూడా చూసుకోవాలి. ఆ పొంతన కలపడానికి పనికొచ్చే క్లాప్ ప్రతి టేకు ముందు కొట్టారా, లేదా?